ఆ ఐదు వేలు ఎవరిచ్చారు?

కువైట్‌లో మన తెలుగువాళ్ళ మహిళా దినోత్సవ సభలకి నాలుగైదుసార్లు వెళ్ళినవాళ్ళకి ఈ కథ కంఠతా వచ్చేసి ఉంటుంది. 1923, కాకినాడ కాంగ్రెస్ మహాసభలు. పక్కనే ఖద్దరు ప్రదర్శన. గుమ్మం దగ్గర వాలంటీరుగా పద్నాలుగేళ్ళ దుర్గాబాయి. టిక్కెట్టు లేదని సాక్షాత్తూ జవహర్‌లాల్ నెహ్రూనే ఆపేసింది. నిర్వాహకులు కంగారుపడి టిక్కెట్టు కొనిచ్చాకే లోపలికి వదిలింది. పట్టు పరికిణీ కట్టుకున్న ఓ పాప ఈ కథ గడగడా చెప్పేస్తుంది. మనం చప్పట్లు కొడతాం. తర్వాత భోజనాలు.

ఆమధ్య అలాంటి సభలోనే, వెనక వరసలో నిలబడ్డ ఒక అక్క నన్నో ప్రశ్న అడిగింది. ఆమెది కడప జిల్లా. ఇక్కడి భాషలో చెప్పాలంటే ‘కద్దామా’, అంటే ఇంటిపని మనిషి. "ఆయమ్మ నెహ్రూను ఆపింది సరేన్నా. మొదట ఎట్ల మొదలుపెట్టింది? ఆయమ్మ ఎనక ఎవురుండిరి?" అంది. కంప్యూటర్ సైన్సులో మాస్టర్సు చేసి, పదిహేనేళ్ళకి పైగా క్లయింట్ల ప్రశ్నలకి తడుముకోకుండా జవాబులు చెప్పినవాణ్ణి. ఆ ప్రశ్నకి మాత్రం నా దగ్గర జవాబు లేదు.

ఇంటికొచ్చి దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఇంగ్లీషులో రాసుకున్న ‘చింతామన్ అండ్ ఐ’ మళ్ళీ తీశాను. 1980లో, ఆమె పోవడానికి ఏడాది ముందు, వచ్చిన పుస్తకం. ఈసారి ఆ అక్క ప్రశ్నని పక్కన పెట్టుకుని చదివాను. చదివాక తోచిందేమిటంటే, మనం వేదికల మీద చెప్పుకునే కథ అసలు కథ కాదు. అసలు కథ దానికి రెండేళ్ళ ముందే జరిగింది.

1921 ఏప్రిల్‌లో గాంధీ కాకినాడ వచ్చారు. దుర్గాబాయికి అప్పటికి పన్నెండేళ్ళు నిండలేదు. ఎనిమిదేళ్ళకే పెళ్ళి చేశారు. తర్వాత ఊహ తెలిశాక ఆ పెళ్ళి నుంచి తనే తప్పుకుంది. గాంధీ వస్తున్నారనగానే ఆ పిల్లకి గుర్తొచ్చింది ఊళ్ళోని దేవదాసీలు, బురఖా వేసుకునే ముస్లిం స్త్రీలు. మగవాళ్ళ బహిరంగ సభకి వాళ్ళు రాలేరు. అందుకని వాళ్ళ కోసం విడిగా కొన్ని నిమిషాలు కావాలని నిర్వాహకుల్ని అడిగింది. ఐదు వేల రూపాయల నిధి తెస్తే చూద్దామన్నారు వాళ్ళు. 1921 నాటి ఐదు వేలు! పిల్ల ఆ మాట పట్టుకెళ్ళి దేవదాసీలకి చెప్పింది. డబ్బు వాళ్ళు పోగుచేశారు. కొద్ది నిమిషాలనుకున్న గాంధీ అంతకంటే చాలాసేపు మాట్లాడారు. ఆయన హిందీని దుర్గాబాయే తెలుగు చేసింది. స్త్రీలు ఒంటిమీది నగలు తీసి ఇచ్చారు.

నెహ్రూ కథలో ఉన్నది నియమం తప్పని వాలంటీరు. ఆ నియమం ఎవరో పెట్టినది, ఆమె అమలు చేసింది. 1921 కథ అలాంటిది కాదు. గుమ్మం బయట ఎవరు మిగిలిపోయారో చూసి, వాళ్ళ కోసం ఇంకో గుమ్మం తెరిపించిన పిల్ల అందులో ఉంది. మనకి మొదటి కథే ఎందుకు నచ్చుతుంది? అందులో నెహ్రూ ఉన్నాడు కనక. రెండో కథ చెప్పాలంటే దేవదాసీలని వేదిక మీదికి తీసుకురావాలి. ఐదు వేలు అడిగిన పెద్దమనుషుల గురించి కూడా మాట్లాడాలి.

ఆ తర్వాత ఆమె జీవితమంతా ఇదే వరస. తను నేర్చుకున్న హిందీని తోటి ఆడవాళ్ళకి నేర్పింది. 1930లో ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్ళింది. మదురై జైల్లో, హత్యానేరం మీద శిక్ష పడిన ఆడవాళ్ళని చూసింది. తమ తరఫున ఏం చెప్పుకోవాలో తెలియకే వాళ్ళలో కొందరికి శిక్ష పడిందని గ్రహించి, లా చదవాలని అక్కడే అనుకుంది. బి.ఏ. కోసం వాల్తేరు వెళితే ఆడపిల్లలకి హాస్టలు లేదు, సీటివ్వలేమన్నారు. ఆమె పేపర్లో ప్రకటన ఇచ్చి, తనలాంటి పిల్లల్ని పోగుచేసి, తామే ఒక హాస్టలు నడుపుకుని, అప్పుడు మళ్ళీ వెళ్ళి అడిగింది. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ. 1942లో లా డిగ్రీ. రాజ్యాంగ సభ, ప్రణాళికా సంఘం తర్వాతి సంగతులు. నాయకత్వం ఆమెకి ఎవరో ఇచ్చిన పదవి కాదు, తలుపు లేనిచోట తలుపు పెట్టించే అలవాటు.

ఇంత చెప్పాక నా ఫిర్యాదు కూడా చెప్పాలి. ఐదు వేలు పోగుచేసిన ఆ దేవదాసీల పేర్లేమిటి? నేను చదివినంతలో ఎక్కడా కనిపించలేదు. చిన్నపిల్లకి గుర్తుండకపోవచ్చు, అది ఆమె తప్పనను. కానీ ఆత్మకథ అనే ప్రక్రియలోనే ఒక చిక్కుంది. చెప్పే మనిషి ముందుకి వచ్చేకొద్దీ చుట్టూ ఉన్నవాళ్ళు మసకబారిపోతారు. ఈ చిక్కుకి విరుగుడు మన తెలుగులోనే ఉంది. 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల దగ్గరికి టేప్‌రికార్డరు పట్టుకెళ్ళి, వాళ్ళ కథలు వాళ్ళ నోటితోనే చెప్పించిన పుస్తకం అది. చిట్యాల ఐలమ్మ, మల్లు స్వరాజ్యం లాంటివాళ్ళ పేర్లతో సహా. పోరాటం అయిపోయాక ఇళ్ళకి వెళ్ళిపొమ్మన్నప్పుడు పడ్డ బాధతో సహా. ఆత్మకథ నాయకురాలిని చూపిస్తే, ఇది ఆమె పక్కన నిలబడ్డవాళ్ళని కూడా చూపించింది. నా ఓటు ఈ రెండో పద్ధతికే.

ఇప్పుడు కువైట్ సంగతి. 2005 మే 16న ఇక్కడి స్త్రీలకి ఓటు హక్కు వచ్చింది. 2009లో నలుగురు స్త్రీలు పార్లమెంటుకి ఎన్నికయ్యారు. 2024లో ఆ పార్లమెంటునే రద్దు చేశారనుకోండి, అది వేరే కథ. ఆ హక్కు కోసం గృహిణులు ఊరేగింపులకి వెళ్ళిన రోజుల్లో వాళ్ళ పిల్లల్ని ఎవరు చూసుకుని ఉంటారు? ఆ పేర్లూ మనకి తెలియవు. ఇంటిపనివాళ్ళ కోసం 2015లో చట్టం వచ్చింది. వారానికో రోజు సెలవు, రోజుకి పన్నెండు గంటలకి మించని పని అందులో ఉన్నాయి. ఆ సెలవు నిజంగా దొరికినవాళ్ళే శుక్రవారం మాలియాలో నలుగురు కలిసి మాట్లాడుకోగలుగుతారు. ఆ శుక్రవారం లేకుండా సంఘమూ లేదు, నాయకత్వమూ లేదు.

మన గల్ఫ్ కథల్లో కద్దామా ఎప్పుడూ ఏడుస్తూనే ఉంటుంది. కఫీల్ కొడతాడు, ఏజెంటు మోసం చేస్తాడు, చివరికి శవపేటిక ఊరు చేరుతుంది. ఇవి అబద్ధాలు కావు. కానీ ఆ శవపేటిక ఊరు చేరడానికి ఎవరు తిరిగారో ఆ కథల్లో ఉండదు. నేను ఎరిగిన ఒక చావు తర్వాత, ఫర్వానియా, ఖైతాన్ గదులన్నీ తిరిగి, ఒక్కో దీనారూ నోటుపుస్తకంలో రాసుకుంటూ పోగుచేసింది, నన్ను ప్రశ్న అడిగిన ఆ అక్కే.

ఆ ఏడాది ఒక తెలుగు సంఘం సావనీరుకి నేనే సంపాదకుణ్ణి. దాతల పేర్లు పేజీ నిండా వేశాను, దీనార్ల లెక్కతో సహా. ఆమె పోగుచేసిన మొత్తానికి ‘కొందరు సోదరీమణులు’ అని రాశాను. స్థలం లేదని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి అడగాలనే తోచలేదు. పైగా ప్రతి శుక్రవారం పొద్దున ఆమె పార్ట్‌టైముకి వచ్చేది మా ఇంటికే. సభ రోజున వెనక వరసలో నిలబడాల్సొచ్చింది కూడా మా వంట ముగించి ఆలస్యంగా రావడం వల్లే.

పోయిన నెల ఆమె నోటుపుస్తకం అడిగి తీసుకున్నాను. పద్దెనిమిది పేజీలు. ప్రతి దీనారుకీ ఒక పేరు, ఊరు. రాయచోటి, రాజంపేట, అమలాపురం, నరసాపురం. హిందూ, ముస్లిం, క్రైస్తవ పేర్లు వరసగా ఒకదాని కింద ఒకటి. ఆమెది గుండ్రటి చేతిరాత. "ఏం జేసుకుంటావన్నా దీన్ని?" అంది. వచ్చే సావనీరులో అచ్చు వేస్తానన్నాను. కాసేపు ఆలోచించి, "అయితే అందర్నీ అడగాల. కొందరికి అకామా లేదు, పేరు బయటపడితే కష్టం. నేనే అడిగొస్తా, ఒక శుక్రవారం ఇయ్యి" అంది.

ఇచ్చాను. ఆ శుక్రవారం మా ఇంట్లో వంట నేనే చేశాను.