క్షమించమని ఎవరు ఎవరికి చెప్తున్నారు?

1999లో, నాకు తొమ్మిదేళ్ళప్పుడు, ఒక ఆదివారం ఆరాధన అయ్యాక మా పిన్ని పల్లెలోని చర్చి వెనకగదిలో కూర్చుని ఉంది. ఎడమ కన్ను కింద కమిలిపోయి ఉంది. ఎదురుగా పాస్టర్ అయ్యగారు, ఇద్దరు సంఘపెద్దలు. బాబాయి రాలేదు. పిన్ని నన్ను పక్కనే కూర్చోబెట్టుకుంది. ఎందుకో అప్పుడు తెలియలేదు, తర్వాతెప్పుడూ అడగలేదు.

అయ్యగారు చెడ్డవాడు కాదు. గొంతు పెంచలేదు. పిన్ని చెప్పిందంతా విని, "ఏడుసార్లు కాదమ్మా, ఏడు డెబ్బైల సార్లు క్షమించమన్నాడు గదా ప్రభువు" అన్నారు. పిన్ని కాసేపు నేల చూసి, "ఇది ఎన్నోదో నేను లెక్క పెట్టుకోలేదయ్యగారూ" అంది. అందరూ కళ్ళు మూసుకున్నారు. ప్రార్థన అయింది. మేం ఇంటికొచ్చేశాం.

సాహిత్యంలో పరిశోధన చేసిన నేను క్రైస్తవ నీతిశాస్త్ర గ్రంథాల వైపు రావడానికి ఆ వెనకగదే కారణం. ప్రేమ, ఆత్మత్యాగం, క్షమ, మనస్సాక్షి, పాపం అనే మాటల మీద ఆ శాస్త్రమంతా నిలబడి ఉంది. ఇవి అబద్ధపు మాటలని నేను అనడం లేదు. పిన్ని వాటిని నమ్మింది. వాటిని ఎవరి అనుభవంతో నింపారు, ఎవరి నోటినుంచి ఎవరి చెవికి చేరవేస్తున్నారు అన్నదే నా ప్రశ్న.

ముందు ఆ వాక్యాన్నే చూద్దాం. మత్తయి సువార్త పద్దెనిమిదో అధ్యాయంలో పేతురు ప్రశ్న 21వ వచనంలోనూ, జవాబు 22వ వచనంలోనూ ఉన్నాయి. ఆ రోజు అయ్యగారు అక్కడ మొదలుపెట్టి అక్కడే ఆపేశారు. కానీ అంతకు కాస్త ముందు, 15 నుంచి 17 దాకా, తప్పు జరిగినప్పుడు ఏం చేయాలో ఒక క్రమం ఉంది. తప్పు చేసిన సోదరుడికి ఒంటరిగా ఉన్నప్పుడు ఆ తప్పు చూపించాలి. వినకపోతే ఒకరిద్దరు సాక్షుల్ని వెంటబెట్టుకు వెళ్ళాలి. అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పాలి. సంఘం మాట కూడా వినకపోతే అతన్ని బయటివాడిగా ఎంచాలి. లూకా సువార్త 17:3 కూడా ముందు మందలించమంటుంది, అతను మారుమనస్సు పొందితే క్షమించమంటుంది. మా వెనకగదిలో సాక్షులున్నారు, సంఘమూ ఉంది. నిలబెట్టి అడగాల్సిన మనిషి మాత్రం లేడు.

ఆ వాక్యం తర్వాత వచ్చే ఉపమానం ఇంకా ముఖ్యమైనది. రాజు ఒక దాసుడికి పెద్ద అప్పు మాఫీ చేస్తాడు. ఆ దాసుడు బయటికెళ్ళి, తనకి చిన్న మొత్తం బాకీ ఉన్న తోటి దాసుడి గొంతు పట్టుకుంటాడు. క్షమించలేదని రాజు కోప్పడింది ఆ గొంతు పట్టుకున్నవాడి మీద. ఈ కథలో క్షమించే బాధ్యత చేతిలో అధికారం ఉన్నవాడిది. మా పల్లెలో అదే బాధ్యతని ఎవరి గొంతు మీద చెయ్యి పడిందో ఆమె మీద పెట్టారు. వాక్యం అదే, చెప్పించుకునే మనిషి మారింది. మనిషి మారితే నీతి కూడా మారిపోయింది.

అయితే ఆ అధ్యాయాన్ని కూడా నేను యథాతథంగా స్త్రీల చేతిలో పెట్టలేను. ఒంటరిగా వెళ్ళి తప్పు చూపించమన్నది సమానుల మధ్య కుదిరే మాట. కొట్టే మొగుడి ముందు ఒంటరిగా నిలబడి నీది తప్పు అని చెప్పమనడం మళ్ళీ దెబ్బలు తినమనడమే. కాబట్టి మూలవాక్యం దగ్గరకి వెళ్తే చాలు, అన్నీ సర్దుకుంటాయనే మాటతో కూడా నాకు పేచీ ఉంది.

ఇది చర్చిగోడల మధ్యే ఉండిపోయిన విషయమైతే ఇంత రాయక్కర్లేదు. క్రైస్తవులకు వర్తించే 1869 నాటి భారత విడాకుల చట్టం ప్రకారం భర్తకి భార్య వ్యభిచారాన్ని రుజువు చేస్తే చాలు, విడాకులొచ్చేవి. అదే భార్యకి భర్త వ్యభిచారం ఒక్కటే సరిపోయేది కాదు. దానికి తోడు క్రూరత్వమో, రెండేళ్ళు వదిలేసి వెళ్ళిపోవడమో చూపించాలి. క్రూరత్వం మాత్రమే ఉంటే కోర్టు ద్వారా విడిగా ఉండొచ్చు, పెళ్ళి మాత్రం రద్దు కాదు. ఈ వివక్షని 1995లో కేరళ హైకోర్టు కొట్టేసింది. పార్లమెంటు చట్టాన్ని సవరించింది 2001లో. అంటే 1999లో మా పిన్ని చర్చికి బదులు కోర్టుకి వెళ్ళినా, అప్పటికింకా చట్టంలో రాసి ఉన్నదాని ప్రకారమైతే కమిలిన కన్నొక్కటే చూపించి విడాకులు అడగగలిగేది కాదు.

అదే చట్టంలో ఇంకో సంగతి ఉంది. భర్త వ్యభిచారాన్ని భార్య క్షమించిందని తేలితే ఆమె పిటిషన్ కొట్టేస్తారు. క్షమించినట్టు లెక్క ఎప్పుడంటే, తిరిగి కాపురం మొదలుపెట్టినా, కాపురం కొనసాగించినా. ఒకపక్క సంఘం క్షమించి కాపురానికి వెళ్ళమంటుంది. మరోపక్క చట్టం కాపురానికి వెళ్ళావు గనక క్షమించేశావు, ఇక అడిగే హక్కు లేదంటుంది. ఆమె సుగుణమే ఆమెకి వ్యతిరేకంగా సాక్ష్యమవుతుంది. ఇక్కడ క్షమ ఆమె మనసులో జరిగిన పని కాదు. చెయ్యి తిరిగిన రెండు వ్యవస్థలు ఆమె తరఫున పూరించిన కాగితం.

ఇంత సులువుగా స్త్రీని ఎందుకు క్షమించమనగలుగుతున్నారు? దీనికి వేళ్ళు పాపం, ప్రేమ అనే భావనల నిర్వచనంలోనే ఉన్నాయని 1960లో ఒక అమెరికన్ పరిశోధకురాలు చూపించింది. వాలరీ సేవింగ్ 'ది జర్నల్ ఆఫ్ రిలిజియన్'లో రాసిన వ్యాసం అది. ఆమె కాలపు పెద్దలు, రైన్‌హోల్డ్ నీబర్, ఆండర్స్ నైగ్రెన్ వంటివాళ్ళు, మనిషి మూలపాపం గర్వమనీ, తనను తాను లోకానికి కేంద్రంగా చేసుకోవడమనీ చెప్పారు. దానికి మందు తనను తాను పూర్తిగా ఇచ్చేసే 'అగాపే' ప్రేమ. ఇది మగవాడి అనుభవమనీ, దాన్నే మానవానుభవమంటున్నారనీ సేవింగ్ వాదన. స్త్రీకి ఎదురయ్యే ప్రమాదం చాలాసార్లు దీనికి తలకిందులు. తనకంటూ ఒక కేంద్రం లేకపోవడం, ఇతరుల అవసరాల మధ్య చెల్లాచెదురు కావడం, తనెవరో ఇంకొకళ్ళు చెప్తే తెలుసుకోవడం. అలాంటి మనిషికి నిన్ను నువ్వు తగ్గించుకో అని బోధిస్తే ఆమె జబ్బునే ఆమెకి మందుగా ఇస్తున్నట్టు.

ఈ వ్యాసం చదివిన రాత్రి నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు. మా ఆడవాళ్ళ కూటాల్లో వినపడే సాక్ష్యాలన్నీ గుర్తొచ్చాయి. గర్విష్ఠురాలినని కన్నీళ్ళతో ఒప్పుకునే ఆ స్త్రీలలో ఇంట్లో కడుపునిండా తినగలిగినవాళ్ళు ఎంతమంది?

ఇక నైతిక నిర్ణయం సంగతి. 1966లో జోసెఫ్ ఫ్లెచర్ 'సిట్యుయేషన్ ఎథిక్స్' అనే పుస్తకం రాసి పెద్ద దుమారం లేపాడు. నియమాలు ముందే నిర్ణయించి పెట్టుకోవడం తప్పని, ప్రతి పరిస్థితిలో ప్రేమ ఏం కోరుతుందో చూసి నిర్ణయించుకోవాలని అతని వాదం. అందులో అందరికీ గుర్తుండే ఉదాహరణ బెర్గ్‌మయర్ అనే జర్మన్ తల్లిది. యుద్ధం చివర సోవియట్ సైనికులు ఆమెని పట్టుకుని ఉక్రెయిన్‌లోని శిబిరానికి పంపుతారు. భర్త, పిల్లలు ఆమె కోసం వెతుకుతుంటారు. శిబిరం నుంచి విడుదల కావాలంటే అక్కడ వైద్యం కుదరని పెద్ద జబ్బయినా రావాలి, గర్భమైనా రావాలి. ఆమె ఆలోచించుకుని ఒక కాపలావాడిని గర్భం కోసం అడుగుతుంది. విడుదలై ఇల్లు చేరుతుంది. భర్త, పిల్లలు ఆమెని సంతోషంగా చేర్చుకుంటారు. పుట్టిన బిడ్డని అందరికన్నా ఎక్కువగా ప్రేమిస్తారు. ఆమె చేసింది మంచిదా, సరైనదా అన్న ప్రశ్న దగ్గర కథ ఆగుతుంది.

నియమవాదులు వ్యభిచారమన్నారు. ఫ్లెచర్ వర్గం ప్రేమకోసం చేసిన త్యాగమన్నది. రెండు పక్షాలూ తేల్చాలనుకుంటున్నది ఆమె శరీరం గురించే. గర్భవతి అయితే తప్ప తల్లిని ఇంటికి పంపని శిబిరం నీతి ఏమిటి? ఖైదీకీ కాపలావాడికీ మధ్య జరిగిన దాన్ని ఏ పేరుతో పిలవాలి? భర్త తిరిగి చేర్చుకోకపోయి ఉంటే అదే పని పాపమయ్యేదా? ఈ ప్రశ్నలు ఆ ఉదాహరణలో లేవు. ఆమెకి రెండు ఇరుకు దారులు వదిలినవాళ్ళు చర్చకి రారు. ఇరుకులో నడిచిన మనిషి నడక బాగుందా లేదా అని మాత్రం మార్కులు వేస్తారు.

ఈ లోపాన్ని సూటిగా పట్టుకున్నది నల్లజాతి మతశాస్త్రవేత్త కేటీ కానన్. 1988లో వచ్చిన ఆమె పుస్తకం 'బ్లాక్ వుమనిస్ట్ ఎథిక్స్'. స్వేచ్ఛ ఉన్న మనిషి, ఎదుట అనేక దారులున్న మనిషి, వాటిలో మంచిది ఎంచుకోవడమే నీతి అని ప్రధానస్రవంతి శాస్త్రం అనుకుంటుంది. బానిసత్వం నుంచి వచ్చిన స్త్రీలకి ఆ స్వేచ్ఛే లేనప్పుడు వాళ్ళ నీతిని ఆ కొలతతో ఎలా కొలుస్తారని కానన్ అడిగింది. వాళ్ళ నైతిక జ్ఞానం కోసం ఆమె వెళ్ళింది సాహిత్యం దగ్గరికి, ముఖ్యంగా జోరా నీల్ హర్‌స్టన్ జీవితం, రచనల దగ్గరికి. పైకి కనపడని హుందాతనం, చడీచప్పుడు లేని ధైర్యం లాంటి విలువల్ని అక్కడ గుర్తించింది. సేవింగ్ చెప్పిన 'స్త్రీ' తెల్ల మధ్యతరగతి స్త్రీ అన్న విమర్శకి కూడా ఇక్కడే బలం దొరుకుతుంది.

మనకి ఇది దూరపు కథేం కాదు. 1878 జూలైలో ఒంగోలు ప్రాంతంలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్ళలో ఎక్కువమంది మాదిగలు. ఆ విశ్వాసం మా ముత్తవ్వలకి అక్షరాన్నిచ్చింది, దేవుడి ముందు తలెత్తుకు నిలబడే చోటునిచ్చింది. అందుకే దీన్ని పితృస్వామ్యమని ఒక్కమాటలో కొట్టిపారేసే సవర్ణ స్త్రీవాదంతో నేను పూర్తిగా ఏకీభవించలేను. ఊరి మధ్యలో తనను తాను తగ్గించుకోమని ప్రతిరోజూ చెప్పించుకున్న దళిత స్త్రీకి, చర్చిలో కూడా అదే మాట ఎందుకు వినిపించారన్నది నా బాధ. గర్వమనేది ఆమెకి పాపమా, లేక ఇంకా అందాల్సిన వరమా?

పిన్ని ఆ తర్వాత మరో రెండేళ్ళు అక్కడే ఉంది. తర్వాత బిడ్డని తీసుకుని గుంటూరొచ్చి ఒక ఆడపిల్లల హాస్టల్లో వంటపనిలో చేరింది. ఇప్పటికీ ఆదివారం చర్చికి వెళ్తుంది. నా థీసిస్ పూర్తయినప్పుడు ఈ వాదనంతా ఆమెకి వివరంగా చెప్పాను. చివరిదాకా విని, "ఆయన్ని క్షమించాలే అమ్మాయ్. పోయినేడు జొరమొస్తే మందులకి డబ్బులు కూడా పంపా. ఆ ఇంటికి మాత్రం పోను" అంది.

క్షమించడం, తిరిగి వెళ్ళడం ఒకటి కావని చెప్పడానికి నాకు ఇన్ని పుస్తకాలు కావాల్సొచ్చాయి. ఆమె ఆ నిర్ణయం తీసుకున్ననాడు పక్కన పాస్టరు లేడు, చట్టం లేదు, నాలాంటి పరిశోధకురాలూ లేదు. నైతిక నిర్ణయం గురించి రాసే మన పుస్తకాల్లో ఆమె ఇంకా ఉదాహరణగానే ఉంటుందా, రచయితగా ఎప్పుడొస్తుంది అన్నది మనందరం వేసుకోవాల్సిన ప్రశ్న.