జిల్లేడు పేరులో రెండు చూపులు

వినాయక చవితి పత్రిలో, రథసప్తమి స్నానంలో జిల్లేడు ఆకు మనకు తెలిసిందే. వృక్షశాస్త్రం ఆ మొక్కకు పెట్టిన పేరు ‘కెలోట్రోపిస్ జైగాంటియా’. పలకడానికి బరువుగా ఉన్నా, ఎంతో పొందికగా కట్టిన పేరిది.

మొదటి మాటను గ్రీకు నుంచి తెచ్చారు. ‘కాలోస్’ అంటే అందమైనది. ‘ట్రోపిస్’ అంటే ఓడ అడుగున ఈ చివర నుంచి ఆ చివరకు సాగే దూలం. బంజరులో పెరిగే మొక్కకు ఓడ సంగతి ఎందుకంటారా? పువ్వును దగ్గరగా పట్టుకుని చూడాలి. మైనం పూసినట్టుండే ఐదు రేకుల నడుమ చిన్న కిరీటం ఉంటుంది. దానికి కండగల తమ్మెలు ఐదు. ఒక్కొక్కటీ రెండు పక్కల నుంచీ నొక్కినట్టు పలచనై, అంచు ముందుకు పొడుచుకొచ్చి, అడుగు కొస పైకి మెలితిరిగి ఉంటుంది. ఆ అంచులోనే ఓడ దూలం పోలిక దొరికింది. 1810లో ఈ ప్రజాతిని వేరుచేసి పేరు పెట్టినవాడు స్కాట్లండ్ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రౌన్. జీవకణంలోని కేంద్రకానికి ఆ పేరు స్థిరపరచిన సూక్ష్మదర్శిని పరిశీలకుడూ ఆయనే. అంత నిశితంగా చూసే కన్ను పువ్వు గుండెలోకి చూసి పెట్టిన పేరిది.

రెండో మాట అంతకన్నా పాతది. 1753లో వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ ఈ మొక్కను ‘ఆస్క్లెపియాస్ జైగాంటియా’ అన్నాడు. ఆస్క్లెపియాస్‌లో గ్రీకుల వైద్యదేవుడి పేరుంది. ‘జైగాంటియా’ అంటే భారీది. గ్రీకు పురాణాల రాక్షసుల పేరు నుంచి లాటిన్‌లోకి వచ్చిన మాట. మనిషి ఎత్తును దాటి గుబురుగా ఎదిగే మొక్కకు తగిన విశేషణమే.

మొక్క కొత్త ప్రజాతిలోకి మారినా, వృక్షనామాల సంప్రదాయం ప్రకారం పాత విశేషణం దాని వెంటే వచ్చింది. లాటిన్‌లో విశేషణం నామవాచకపు లింగాన్ని అనుసరించాలి. ఆస్క్లెపియాస్, ట్రోపిస్ రెండూ స్త్రీలింగాలే. అందుకే కొత్త ఇంట్లోనూ ‘జైగాంటియా’లో ఒక్క అక్షరం మార్చే పని పడలేదు. గ్రీకు మాటా లాటిన్ మాటా అతుకు కనబడకుండా కలిశాయి.

దూరం నుంచి చూసేవారికి కనిపించే ఎత్తును లిన్నేయస్ చెప్పాడు. చేతిలోకి తీసుకుంటేనే తెలిసే అందాన్ని బ్రౌన్ చెప్పాడు. మొక్కను మొత్తంగానూ, దాని పువ్వును లోతుగానూ చూపించడానికి ఈ రెండు మాటలూ చాలు.