మాంగా: చూపు నడిచే దారి

మాంగా గీయాలని ఉబలాటపడే కుర్రకారు నోట్‌బుక్కులు తిరగేస్తే ముందు కళ్ళే కనిపిస్తాయి. ముఖంలో సగం ఆక్రమించిన కళ్ళు, నిక్కబొడుచుకున్న జుట్టు, చెంపల మీద సిగ్గు గీతలు. చాలామంది బాగానే గీస్తారు. ఆ బొమ్మల్ని వరసగా పేర్చి కథ చెప్పబోయేసరికి మాత్రం పేజీ మొరాయిస్తుంది. మాంగా బలం ముఖాల్లో లేదు, ప్యానెళ్ళ అమరికలో ఉంది. ఏది వెడల్పుగా ఉండాలి, ఏది ఇరుకుగా ఉండాలి, చూపు ఎక్కడ పరుగెత్తాలి, ఎక్కడ నిలబడాలి అన్న ఈ లెక్కనే జపాన్ చిత్రకారులు కోమావారి అంటారు. కళ్ళూ జుట్టూ దాని మీద తొడిగిన చొక్కా మాత్రమే.

ఒసాము తెజుకా 1947లో, సకాయ్ షిచిమా అందించిన కథకు ‘కొత్త నిధుల దీవి’ గీశాడు. పుస్తకం మొదట్లోనే ఓ కుర్రాడు కారు తోలుకుంటూ రేవుకు దూసుకుపోతాడు. జరిగేది అంతే. కానీ కారు దూరం నుంచి దగ్గరికి వస్తుంది, ఇంకో కోణంలో కనిపిస్తుంది, మాటలతో పనిలేకుండానే వేగం తెలుస్తుంది. సినిమా కెమెరా చేసే పనిని కాగితం చేత చేయించాడన్నమాట. తర్వాతి తరం చిత్రకారుల్లో ఎందరికో ఆ పుస్తకమే తొలి పాఠం.

పరుగు ఒక్కటే కాదు, నిదానం కూడా ఈ సంప్రదాయం సొత్తే. వాన పడుతోందనుకోండి. ఒక ప్యానెల్‌లో చూరు నుంచి కారే నీళ్ళు, తర్వాతి దాంట్లో తడిసిన సైకిల్ సీటు, ఆపైన వంటింటి కిటికీ మీద పట్టిన ఆవిరి. కథ అంగుళం కదల్లేదు, అయినా ఓ సాయంత్రం గడిచిపోయింది. స్కాట్ మెక్‌క్లౌడ్ 1993లో కామిక్స్ గురించి కామిక్స్ రూపంలోనే రాసిన పుస్తకంలో, ఇలాంటి ప్యానెళ్ళు అమెరికన్ కామిక్స్‌లో బహు అరుదనీ, జపాన్‌లో మామూలేననీ లెక్కగట్టి చూపించాడు. దానికో కారణం స్థలం. అమెరికాలో నెలకో పుస్తకం, ఇరవై పైచిలుకు పేజీలు, అందులోనే గొడవ మొదలై తేలిపోవాలి. జపాన్‌లో వారం వారం లావుపాటి పత్రికల్లో సాగే కథ చివరికి వేల పేజీలకు చేరుతుంది. వానకు నాలుగు ప్యానెళ్ళు ఖర్చుపెట్టడానికి అక్కడ ఎవరూ వెనకాడరు.

ఈ ఒడుపుతో ఇంగ్లీషు పాఠకుల కోసం గీసేవాళ్ళు ముందు తేల్చుకోవాల్సింది దిశ. జపాన్ పుస్తకం కుడి నుంచి ఎడమకు నడుస్తుంది. 1980ల చివర్లో అమెరికాలో అచ్చు వేసినవాళ్ళు, పాఠకుడు తికమకపడతాడని పేజీల్ని అద్దంలో చూపినట్టు తిప్పేశారు. 1988లో మార్వెల్ వారి ఎపిక్ శాఖ మొదలుపెట్టిన ‘అకీరా’ అలా తిప్పిందే, పైగా నలుపు తెలుపు బొమ్మలకు రంగులు కూడా వేశారు. ఇలా తిప్పిన పుస్తకాల్లో సమురాయ్‌లంతా ఎడమచేతి వాటంవాళ్ళయ్యారు. కిమోనో కట్టేటప్పుడు ఎడమ అంచు పైకి రావాలి, కుడి అంచు పైకి తేవడం శవానికి కట్టే తీరు. పేజీ తిప్పగానే బతికున్న పాత్రలందరికీ ఆ కట్టే పడింది! 2002లో టోక్యోపాప్ సంస్థ ఈ తిప్పుడు మానేసి, జపాన్ వరసలోనే అచ్చువేసి అమ్మింది. ఇంగ్లీషు పాఠకులు ఇట్టే అలవాటుపడ్డారు.

ఇది చూసే కొత్తవాళ్ళు ఇంగ్లీషులో రాస్తూ కూడా కుడి నుంచి ఎడమకు గీస్తారు, అప్పుడే అసలైన మాంగా అనిపించుకుంటుందని. నా మటుకు అది ఉత్త ఆర్భాటం. అక్షరాలు ఒకవైపు, ప్యానెళ్ళు ఇంకోవైపు నడిస్తే మాటలుండే ప్రతి బెలూన్ దగ్గరా చూపు వెనక్కి మళ్ళాలి. అనువాదానికి ఆ ఇబ్బంది తప్పదు, సొంతంగా గీసేవాడికేం ఖర్మ? బ్రయాన్ లీ ఓమాలీ 2004లో మొదలుపెట్టిన ‘స్కాట్ పిల్‌గ్రిమ్’, స్వెత్లానా ష్మకోవా 2005లో తెచ్చిన ‘డ్రామాకాన్’, రెండూ మాంగా ఒడుపు వంటబట్టించుకున్నవే, రెండూ ఎడమ నుంచి కుడికే నడుస్తాయి.

దిశ మారితే దానితోపాటు చాలా మారాలి. జపాన్ పేజీని ముందు పెట్టుకుని గీసేవాళ్ళు, ముందు మాట్లాడే మనిషిని అలవాటుగా ప్యానెల్‌లో కుడివైపు నిలబెడతారు. ఇంగ్లీషులో మొదటి బెలూన్ ఎడమ పైమూల రావాలి. ఇంకేముంది, రెండు బెలూన్ల తోకలు కత్తెర వేసుకుంటాయి. పేజీ తిప్పే చోటు కూడా అంతే. ఎడమ నుంచి చదివే పుస్తకంలో ఉత్కంఠ దాచుకోవాల్సింది కుడి పేజీ అడుగున, అంటే బేసి అంకె పేజీ చివరి ప్యానెల్‌లో. 5వ పేజీ చివర తలుపు గడియ మీద చెయ్యి కనబడితే, తలుపు వెనక ఎవరున్నారో 6వ పేజీ తెరిచాకే తెలియాలి. ఆ మనిషి 5వ పేజీలోనే దొరికిపోతే ఎంత బాగా గీసినా దండగే. ఫోన్‌లో కిందికి జరుపుకుంటూ చదివే కామిక్స్‌కు ఈ మలుపే ఉండదు, వాటి లెక్క వేరు.

బెలూన్ ఆకారం గురించి పుస్తకాలు ముక్తసరిగా చెబుతాయి గానీ, నా దృష్టిలో కొత్తవాళ్ళను పట్టిచ్చేది అదే. జపనీస్ నిలువుగా రాస్తారు కాబట్టి అక్కడ బెలూన్లు సన్నగా, పొడుగ్గా ఉంటాయి. అదే ఆకారంలో ‘అన్‌ఫార్చునేట్లీ’ అని ఇరికిస్తే మాట మూడు ముక్కలై గీతలతో వేలాడుతుంది. ఇంగ్లీషు బెలూన్ అడ్డంగా, కోడిగుడ్డును పడుకోబెట్టినట్టు ఉండాలి. అందుకే ముందు మాటలు రాసుకుని, వాటి చుట్టూ బెలూన్ గీసి, మిగిలిన జాగాలోనే మనిషిని నిలబెట్టాలి. ఇంగ్లీషు కామిక్స్‌లో పెద్దబడి అక్షరాలే వాడటం రివాజు. అందులోనూ ఓ చిన్న మర్యాద ఉంది: ‘ఐ’ అక్షరం ‘నేను’ అన్న అర్థంలో ఒంటరిగా వస్తేనే పైనా కిందా అడ్డగీతలు, వేరే మాటల మధ్యలో వస్తే ఉత్త నిలువు గీత. ఇది తప్పితే ఎక్కడ తప్పిందో పాఠకుడు చెప్పలేడు, కానీ పేజీ ఎబ్బెట్టుగా తోస్తుంది. శబ్దాల్ని కంప్యూటర్ ఫాంట్‌తో అతికించకండి. పేలుడైనా, కీచుమనే బ్రేకైనా బొమ్మ గీసిన కలంతోనే, బొమ్మలో భాగంగా రాయాలి. చుక్కల టోన్ వాడేవాళ్ళు ఇంకో సంగతి కూడా చూసుకోవాలి. ఫోన్ కోసం పేజీని కుదిస్తే ఆ చుక్కలు ఒకదానితో ఒకటి కలబడి, మీరు గీయని చారలు పుట్టిస్తాయి.

జపాన్‌లో వృత్తి చిత్రకారులు సిరా ముట్టుకోకముందు ‘నేము’ అనే చిత్తు ప్రతి తయారుచేస్తారు. పుల్లల మనుషులు, గుండ్రాల తలలు, కానీ ప్యానెళ్ళూ మాటలూ అన్నీ వాటి వాటి చోట్లలో. ఎడిటర్‌తో వాదులాట జరిగేది దాని మీదే, అసలు బొమ్మలు ఆ తర్వాత. మనవాళ్ళు ఈ మెట్టు దాటేసి మొదటి పేజీకి నెల రోజులు మెరుగు పెడతారు, రెండో పేజీ రానే రాదు. మూడొందల అధ్యాయాల మహాగాథ తర్వాత చూసుకోవచ్చు, ముందు 16 పేజీల్లో ముగిసే కథ ఒకటి ఎంచుకోండి. అది టోక్యో హైస్కూల్లోనే జరగాలని కూడా లేదు. ఓమాలీ కథంతా టొరంటో వీధుల్లోనే తిరిగింది. దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో జరిగే కథ ఇంగ్లీషు పాఠకుడికి టోక్యో కన్నా కొత్తగానే ఉంటుంది.

మాటలే లేకుండా గీసి చూడటం కూడా మంచి సాధన. టోక్యోలోని కోఆమిక్స్ సంస్థ నడిపే సైలెంట్ మాంగా ఆడిషన్ పోటీకి ఏ దేశంవాళ్ళయినా పంపొచ్చు, సంభాషణ మాత్రం ఉండకూడదు. పోటీకి పంపకపోయినా సరే, మీ చిత్తు పేజీల్లో మాటలు చెరిపేసి, ప్రింటు తీసి, మధ్యకు మడిచి పిన్ను కొట్టి, కామిక్స్ అలవాటు లేని ఎవరికైనా ఇవ్వండి. వేలు పెట్టి చూస్తూ కథ చెప్పమనండి, మీరు నోరు మెదపొద్దు. వేలు ఎక్కడ తడబడితే అక్కడ పెన్సిల్‌తో సున్నా చుట్టి, ఆ పేజీ అమరిక మళ్ళీ చేయండి. సిరా సీసా మూత తీయడం ఆ తర్వాతే.