కోతపండుగ – కూలిగింజలు: డోర్నకల్ గ్రామసంఘాల ఆరాధన సంవత్సరంపై ఒక పరిశీలన

కీలక పదాలు: కోతపండుగ, ఆరాధన సంవత్సరం, కార్తెలు, పరిగె, పిడికెడు బియ్యం, వేలం, డోర్నకల్ అధ్యక్ష మండలం

1. ప్రస్తావన

తెలుగు గ్రామీణ పండుగలపై జరిగిన పరిశోధన తక్కువేమీ కాదు. బతుకమ్మ, బోనాలు, ఏరువాక, పీర్ల పండుగ, గ్రామదేవతల జాతరలు విశ్వవిద్యాలయాల్లో సిద్ధాంత గ్రంథాలకు వస్తువులయ్యాయి. అదే ఊరి చివర, అవే కల్లాల నుంచి వచ్చిన వడ్లతో జరిగే కోతపండుగ మాత్రం ఈ వరుసలో అరుదుగా కనిపిస్తుంది. తెలుగు క్రైస్తవ సాహిత్యం అనగానే విమర్శకుల దృష్టి ముందుగా జాషువ మీదికి పోతుంది. 'క్రీస్తు చరిత్ర'కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం రావడం, ఆయన పద్యశిల్పం ఇందుకు కారణాలు. అది ఉచితమే. అయితే పద్యం చదవలేని వేలమంది ఏడాది పొడవునా నోటితో పలికిన భాష, చేతితో చేసిన క్రియ పాఠ్యంగా పరిగణనకు రాకపోవడం ఒక లోటు. ఆరాధన సంవత్సరాన్ని ఒక పాఠ్యంగా భావించి, దానిలో ఋతువుకూ శ్రమకూ ఉన్న సంబంధాన్ని వెలికితీయడం ఈ వ్యాస లక్ష్యం. ఇందుకు తీసుకున్న క్షేత్రం డోర్నకల్ అధ్యక్ష మండలంలోని చిన్న గ్రామసంఘాలు.

డోర్నకల్ నాడు నిజాం రాజ్యంలోని ఒక రైల్వే కూడలి. నేడు తెలంగాణలోని మహబూబాబాద్ జిల్లాలో ఉంది. తిరునెల్వేలి ప్రాంతం నుంచి వచ్చిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య 1909లో అక్కడ పని ప్రారంభించాడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయన బిషప్‌గా అభిషిక్తుడయ్యాడు. ఆంగ్లికన్ సంప్రదాయంలో ఆ పదవి పొందిన తొలి భారతీయుడు ఆయనే. ఆయన ఏలుబడిలో చేరినవారిలో అత్యధికులు మాల, మాదిగ కులాల వ్యవసాయ కూలీలు. తరువాతి కాలంలో కృష్ణా తీర ప్రాంతాలు కూడా ఈ మండలంలో కలిశాయి. ఆ విధంగా తెలంగాణ మెట్ట, కృష్ణా మాగాణి ఒకే ప్రార్థన పుస్తకం కిందికి వచ్చాయి. ఆ పుస్తకం ఇంగ్లండులో 1662లో స్థిరపడిన సామాన్య ప్రార్థన పుస్తకపు సంతానం. తెలుగు కూలీ కుటుంబానికి అది ప్రార్థనలతోపాటు ఒక పంచాంగాన్ని కూడా ఇచ్చింది.

2. రెండు పంచాంగాలు

ఆగమన కాలంతో ఆరంభమై క్రిస్మస్, ప్రత్యక్షత, శ్రమకాలం, పునరుత్థానం, ఆరోహణం, పెంతెకొస్తు, త్రిత్వ ఆదివారాల మీదుగా సాగే ఈ సంవత్సరం ఉత్తర ఐరోపా ఋతువుల మధ్య పెరిగింది. శ్రమకాలానికి ఇంగ్లీషులో వాడే లెంట్ అనే మాటకు మూలార్థం వసంతం; పగళ్ళు పొడవయ్యే కాలమని దాని భావం. చలి విరిగి చిగురు తొడిగే వేళకు పునరుత్థాన పండుగ వస్తుంది కనుక అక్కడి కవులకు ప్రకృతే ఉపమానమైంది. డోర్నకల్‌లో ఆ పండుగ నాటికి చెరువు అడుగంటుతుంది. ఇటువంటి పొంతనలేమిని చూపి ఈ ఆరాధనను పరాయి దిగుమతిగా కొట్టివేయడం తేలిక. కానీ పరిశీలన అక్కడ ఆగితే అసలు విషయం చేజారుతుంది.

తెలుగు రైతు పని కార్తెలను బట్టి నడుస్తుంది. కార్తె సూర్యగమనానికి చెందినది. పండుగ తిథిని బట్టి వస్తుంది, తిథి చంద్రునిది. పొలానికి ఒక లెక్క, గుడికి మరొక లెక్క పాటించడం అతనికి తరతరాల అలవాటు. క్రైస్తవ సంవత్సరంలోనూ సరిగ్గా ఈ ద్వంద్వమే ఉంది. క్రిస్మస్ తేదీ కదలదు. పునరుత్థాన పండుగ మార్చి 21న గానీ ఆ తరువాత గానీ వచ్చే పున్నమిని అనుసరించి, మార్చి 22కూ ఏప్రిల్ 25కూ మధ్య కదులుతుంది. ఆ పున్నమి సాధారణంగా మన ఫాల్గుణ పున్నమో చైత్ర పున్నమో అవుతుంది. పట్టణ సంఘంలో ఈ తేదీని క్యాలెండర్‌లో చూసుకుంటారు. గడియారం లేని వాడలో శుభ శుక్రవారపు రాత్రి ఆకాశంలో నిండు చంద్రుణ్ణో, కొన్ని కళలు తరిగిన చంద్రుణ్ణో చూసి ఎరుగుతారు. తెల్లవారుజామున సమాధుల వద్దకు నడిచిన స్త్రీల కథ వినేవారు తామూ ఆ వెన్నెలలోనే గుడికి నడుస్తారు. పరాయిదనుకున్న పంచాంగంలో గ్రామీణుడికి పరిచితమైన నిర్మాణం ఉందని దీనివల్ల స్పష్టమవుతుంది.

మట్టల ఆదివారం మరింత ఆసక్తికరమైన ఉదాహరణ. ఇంగ్లండు పల్లెల్లో తాళవృక్షాలు లేనందున విల్లో కొమ్మలతోనో మరో చెట్టు రెమ్మలతోనో పని జరుపుకునేవారు. యోహాను సువార్తలో ప్రస్తావించినవి ఖర్జూరపు మట్టలు. తెలంగాణలో ఏ వాగు గట్టున చూసినా ఉండే ఈత, ఖర్జూర జాతికే చెందిన చెట్టు. అంటే ఈ ఒక్క ఆదివారం విషయంలో కథాస్థలానికి ఇంగ్లండు పల్లె కన్నా తెలంగాణ పల్లె దగ్గర. ఏడాదంతా కల్లుకుండ కట్టించుకునే చెట్టు ఆనాడు ఊరేగింపుకు మట్టనిస్తుంది. మద్యపానాన్ని మానాలని బోధించిన సంఘంలో ఈ విడ్డూరాన్ని గమనించి నవ్వుకున్నవారు ఉండే ఉంటారు.

శ్రమకాలపు ఉపవాసం ఇంత సులభంగా తేలే విషయం కాదు. ఆదివారాలు మినహా నలభై రోజులు సాగే ఈ కాలం వరికోతలు ముగిసి, కూలి దొరకని ఎండాకాలపు తొలి రోజుల్లో వస్తుంది. తినడానికి ఉన్నవాడు మానుకుంటే అది ఉపవాసం. పొయ్యి వెలగని ఇంట్లో దానికి అర్థమేమిటి? ఆకలికి ఆరాధన ఒక గౌరవనామం ఇచ్చిందని ఒకరు అనవచ్చు. ఆకలి కారణాన్ని ఆ గౌరవనామం కప్పిపుచ్చిందని మరొకరు అనవచ్చు. రెండు వాదాలలోనూ నిజముంది. అయితే ఒక భేదం గమనార్హం. వెట్టిచాకిరీ నడిచిన నిజాం పాలనలో దొర పెట్టని అన్నానికి కూలీ వద్ద జవాబు లేదు. 'ఈ పూట నేనే మానుకున్నాను' అనే వాక్యంలో కర్త కూలీయే. ఆ వ్యాకరణ స్వేచ్ఛ కడుపు నింపదు; కానీ దానిని శూన్యమని తీసివేయడం కూడా సరికాదు.

3. పండుగ లేని వానాకాలం

పెంతెకొస్తు తరువాతి ఆదివారం త్రిత్వ ఆదివారం. అది మే 17కూ జూన్ 20కూ మధ్య వస్తుంది. అక్కడి నుంచి ఆగమన కాలం వరకు 1662 నాటి పుస్తకం ఆదివారాలను అంకెలతో లెక్కిస్తుంది: త్రిత్వం తరువాతి మొదటి ఆదివారం, రెండవది, మూడవది. అవి ఇరవై రెండు మొదలు ఇరవై ఏడు దాకా ఉంటాయి. చిన్న చిన్న భక్తుల దినాలు మినహా పెద్ద పండుగ లేదు.

తెలుగు నేలలో ఈ ఆరు నెలలే సేద్యం. మృగశిరకు దుక్కి, ఆరుద్రకు విత్తనం, తరువాత నాట్లు, కలుపు, హస్త, చిత్తలలో వాన కోసం ఎదురుచూపు, ఆపైన కోతకు కొడవళ్ళు సిద్ధం చేసుకోవడం. కూలీ శరీరం అత్యధికంగా అలసే కాలమంతా ప్రార్థన పుస్తకంలో అంకెలుగా మిగిలింది. ఇంగ్లండులో ఆరోహణ పండుగకు ముందు పొలాల చుట్టూ తిరిగి పంట కోసం ప్రార్థించే దినాలు ఉన్నాయి. అవి అక్కడి వసంతపు పైరుకు తగినవి. మన వద్ద అవి వచ్చేనాటికి నేల బీటలు వారి ఉంటుంది; నెత్తిన మండుటెండ. విత్తు వేయని పొలాన్ని దీవించమని కోరడం ఈ మట్టికి అతకదు. ఈ ఆరాధనలో దేశీయత ఎంత అని లెక్కించేటప్పుడు గోపురాలు, స్తంభాలు, తాళాలు, రాగాలు లెక్కకు వస్తాయి. వానాకాలపు ఈ ఖాళీని కూడా లెక్కించవలసి ఉంది. ఏరువాక పున్నమికి సమానమైన ఒక ఆరాధన దినం ఏర్పడకపోవడం దేశీయీకరణ ప్రయత్నంలోని పెద్ద వెలితి.

4. కోతపండుగ: ఎవరి పంట?

విశేషమేమంటే, ఈ సంఘాల్లో అందరికన్నా పెద్ద పండుగగా నిలిచిన కోతపండుగ 1662 నాటి పుస్తకంలో లేదు. ఇంగ్లండులో దాని నేటి రూపానికి 1843లో కార్న్‌వాల్ ప్రాంతపు మార్వెన్‌స్టో గ్రామంలో ఆరంభం జరిగింది. ఆరంభించినవాడు రాబర్ట్ స్టీఫెన్ హాకర్ అనే గురువు. ఆయన కవి కూడా. అందువల్ల దీనిని ప్రాచీన పాశ్చాత్య ఆచారంగా భావించనవసరం లేదు. ఒక పల్లె గురువు తన పల్లె కోసం చేసుకున్న కల్పన అది. పుస్తకంలో లేనందువల్లనే దానికి కట్టుబడిన తేదీ లేదు. తేదీ లేనందువల్లనే తెలుగు ఊళ్ళలో అది మన కోతలను బట్టి జరుపుకోవడానికి వీలైంది. గ్రంథస్థం కాని చోటే అనుసరణకు అవకాశం దొరికింది.

ఇంగ్లండు పల్లెలో పంటను తెచ్చి బలిపీఠం ముందు పెట్టినవారిలో భూమి దున్నించినవాడూ ఉన్నాడు, దున్నినవాడూ ఉన్నాడు. డోర్నకల్ గ్రామసంఘంలో భూమి ఉన్నవాడు దాదాపు లేడు. జీతగాడు, పాలేరు, దినకూలీ తెచ్చిన వడ్లు పంటలో భాగమే గానీ పంట అతనిది కాదు. అవి కూలిగింజలు, లేదా కల్లం ఊడ్చినప్పుడు దక్కిన మేర, లేదా కోసిన మడిలో స్త్రీలు, పిల్లలు ఏరుకున్న పరిగె. రూతు గ్రంథపు తెలుగు అనువాదంలో వాడిన మాట కూడా 'పరిగె' కావడం ఇక్కడ ముఖ్యం. అనువాదకులు ఆ మాటను ఏ నిఘంటువు నుంచి తీసుకున్నా, అది విన్న వాడ స్త్రీకి నిఘంటువు అక్కరలేదు. పరాయి దేశపు పరాయి స్త్రీ పరాయివాని పొలంలో చేసిన పని తాను నిన్న చేసి వచ్చినదే. ఆరాధన భాషలో గ్రాంథిక క్రియారూపాలు అధికం. వాటి మధ్య ఇటువంటి ఒక్క పదం మొత్తం పాఠాన్ని నేలమీదికి దించుతుంది.

కూలిగింజలు కానుకగా మారడంలో జరిగే పరివర్తన ఈ పండుగ సారం. ఊరి వ్యవస్థలో మాల, మాదిగలు ఎప్పుడూ పుచ్చుకునే చేతులు. మేర పుచ్చుకోవాలి, పండుగనాడు పెట్టిన మిగులు పుచ్చుకోవాలి. ఇచ్చే హక్కు లేనివారు వారు. అజరయ్య దానధర్మం గురించి పదే పదే బోధించి, 'క్రిస్టియన్ గివింగ్' అనే పుస్తకం సైతం రాసినప్పుడు, పేదల వద్ద అర్పణ అడగడం న్యాయమా అనే ప్రశ్న సహజంగా పుడుతుంది. అన్నం వండే ప్రతిసారీ తల్లి పిడికెడు బియ్యం తీసి వేరే కుండలో వేసే ఆచారం ఆ ప్రశ్నను పదును చేస్తుంది. ఆ పిడికెడు ఎవరి వాటా నుంచి తగ్గుతుందో తెలుగు ఇళ్ళ సంగతి తెలిసినవారికి చెప్పనవసరం లేదు. చివర తినేది ఆమే. సంఘం స్వయంపోషకమైందని సంతోషించే లెక్కల్లో ఆ తల్లి ఆకలి పద్దు లేదు. అదే సమయంలో, ఎవరినీ అడగకుండా తన చేతితో తీసి ఇవ్వగల ఒకే ఒక ఆస్తి ఆమెకు ఆ కుండ వద్ద దొరికింది. మిషనరీ నివేదికల దృష్టి ఈ రెండవ సత్యాన్ని, ఆ నివేదికల విమర్శకుల దృష్టి మొదటి సత్యాన్ని మాత్రమే పట్టుకుంటాయి.

ఆరాధన ముగిశాక జరిగే వేలం పాట ఈ పండుగలోని నాటకీయ ఘట్టం. వడ్ల బస్తా, గుమ్మడికాయ, కోడిపుంజు, మేకపిల్ల, చివరకు ఒక్క కోడిగుడ్డు కూడా పాటకు వస్తాయి. గుడ్డు ధర దాని విలువకు ఎన్నో రెట్లు పెరుగుతుంది. పాడుకున్నవాడు దానిని తిరిగి సంఘానికే ఇస్తే మళ్ళీ పాట మొదలవుతుంది. ఆర్థికశాస్త్ర దృష్టికి ఇది అర్థరహితం. గ్రామమర్యాదల దృష్టితో చూస్తే అర్థవంతం. ఊరి జాతరలో తొలి తాంబూలం ఎవరికి దక్కాలో కులం నిర్ణయిస్తుంది; వాడకు ఆ వరుసలో స్థానం లేదు. వేలంలో పేరు పిలిపించుకునే హక్కు ఇచ్చినవానిది. నిరాకరించబడిన మర్యాదను సంఘం తనలో తాను సృష్టించుకున్న రంగస్థలం ఇది.

అయితే ఆ రంగస్థలం మీద కొత్త వరుస కూడా ఏర్పడింది. బడిపంతులు, రైల్వే ఉద్యోగి, గనుల్లో జీతం తెచ్చుకునేవాడు పాటలో గెలుస్తారు. గింజలు తెచ్చిన కూలీ ప్రేక్షకుడవుతాడు. రెండు కాసులు వేసిన విధవరాలి కథ ఉదయం ప్రసంగంలో విని, మధ్యాహ్నం అధిక పాటదారుకు చప్పట్లు కొట్టడంలోని వైరుధ్యం బోధకులకు తెలియనిది కాదు. కులమర్యాద స్థానంలో ధనమర్యాద వచ్చిందనడం కొంత కఠినమైన తీర్పు. కాని ఈ పండుగను సమానత్వపు చిత్రంగా మాత్రమే వర్ణించే రచనల ముందు దానిని చెప్పక తప్పదు.

5. పాట, కట్టడం, మారిన పంట

ఈ సంఘాల నోటిలో ప్రార్థన పుస్తకపు గద్యం కన్నా కీర్తన ఎక్కువ కాలం నిలిచింది. 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' సంకలనంలో పాట మీద రాగతాళాలు పేర్కొనడం, పల్లవి, చరణాల విభజన, పురుషోత్తమ చౌదరి వంటి 19వ శతాబ్ది రచయితల కృతిరచనా సంప్రదాయం అందరికీ తెలిసినవే. డోర్నకల్ దేవాలయ నిర్మాణంలో హిందూ, ఇస్లామిక వాస్తురీతులు కలిసిన సంగతి కూడా ప్రసిద్ధం. దానిని ప్రత్యక్షత పండుగ పేరిట, ఆ పండుగనాడే, 1939 జనవరి 6న ప్రతిష్ఠించారు. తూర్పుదేశపు జ్ఞానులు కానుకలు తెచ్చిన దినమది. తెలుగు నేలలో సంక్రాంతికి వారం ముందటి కల్లాల కాలం. కట్టడంలో చూపిన ఈ సమయస్ఫూర్తి ఆరాధన క్రమంలో అంతగా కనిపించదు. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడి, 1950లో కొత్త ప్రభుభోజన క్రమం, 1963లో సమగ్ర ఆరాధన పుస్తకం వచ్చాయి. కొత్త క్రమంలో ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి సమాధానం అందించే క్రియ చేరింది. అంటరానితనం అనుభవించిన చేతులకు అది వేదాంతం కన్నా ముందు స్పర్శ. వానాకాలం మాత్రం అంకెల ఆదివారాలుగానే కొనసాగింది.

నేడు ఆ ప్రాంతపు పొలాల్లో పత్తి, మిర్చి విస్తారంగా ఉన్నాయి. మిర్చి కల్లం నుంచి ఖమ్మం మార్కెట్‌కు పోతుంది. పత్తి తూకం దగ్గరే అప్పులో జమ అవుతుంది. వరికోత యంత్రం దిగిన మడిలో పరిగె ఏరడానికి మిగిలేది స్వల్పం, కూలి కూడా గింజల్లో కాక నోట్లలో చెల్లుతుంది. కోతపండుగ బల్ల మీద గుమ్మడికాయ పక్కన కవర్లు పేరుకుంటున్నాయి. కవరు మీద పేరు, అంకె ఉంటాయి. ఏ చేలో, ఏ కార్తెలో, ఎవరి నడుము వంగి సంపాదించిందో ఉండదు. పత్తి ఏరిన స్త్రీ తన పండుగకు ఏమి తీసుకురావాలో చెప్పే ప్రార్థన ఆరాధన పుస్తకంలోకి ఇంకా రావలసి ఉంది. దానిని రాయవలసినవారు త్రిత్వం తరువాతి ఆదివారాల్లో, కలుపుతీతకు పోయిన కుటుంబాల ఖాళీ చాపల ముందు, ప్రసంగం చేస్తూనే ఉన్నారు.