హాస్యార్థ పదాలు – మాండలిక పదాలు: ‘స్లాంగ్’ అనే పేరుపై ఒక పరిశీలన

1. ప్రవేశిక

‘తెలంగాణ స్లాంగ్’, ‘గోదావరి స్లాంగ్’ అనే మాటలు సినిమా సమీక్షల్లోనూ, విద్యార్థుల వ్యాసాల్లోనూ తరచుగా కనిపిస్తున్నాయి. ఒక ప్రాంత ప్రజల సహజ వ్యవహారాన్నీ, సరదా కోసం కల్పించుకొన్న పదాలనూ ఈ పేరు ఒకే గాటన కడుతోంది. ఈ రెంటి భేదాన్ని అర్థపరంగా నిరూపించడం, దాన్ని విస్మరిస్తే కలిగే నష్టాన్ని చూపడం ఈ వ్యాసోద్దేశం.

2. హాస్యార్థం ఏర్పడే తీరు

ముఖ్యార్థం బాధితమై, దానితో సంబంధం గల మరో అర్థం స్ఫురించడాన్ని ఆలంకారికులు లక్షణ అన్నారు. హాస్యార్థ పదాలకు మూలం చాలావరకు ఇదే. ‘సుత్తి కొట్టాడు’ అన్నప్పుడు పనిముట్టు ప్రసక్తి లేదు. పడిన చోటే మళ్ళీ మళ్ళీ పడే దెబ్బ, విసుగు పుట్టించే మాటకు పోలిక అయింది. జంధ్యాల ‘నాలుగు స్తంభాలాట’ (1982) ఈ ప్రయోగానికి ఎంత వ్యాప్తి తెచ్చిందంటే, అందులో నటించిన వీరభద్రరావు, వేలు గార్లకు అదే ఇంటిపేరయింది.

‘సోది’ది మరో దారి. సోదెమ్మ చెప్పే జోస్యానికి పేరైన పదం, వినేవారికి అక్కరలేని సుదీర్ఘ ప్రసంగానికి పేరయింది. ఇది అర్థగ్రామ్యత. ఆ వృత్తిపై విశ్వాసం సడలిన క్రమం కూడా ఈ మార్పులో ఉందని ఊహించవచ్చు. అమ్మాయిలను తీపిమాటలతో ఆకట్టుకోజూడడాన్ని నేటి యువత ‘పులిహోర కలపడం’ అంటోంది. ‘మాట కలపడం’ అనే పాత పలుకుబడిలోని క్రియ ఇక్కడ వంటింటి అర్థంతో జతకూడి నవ్వు పుట్టిస్తోంది.

ఈ మూడింటా ఒక సామాన్య లక్షణం ఉంది. వక్తకు అదే భావానికి మామూలు మాట తెలుసు. తెలిసీ దాన్ని పక్కన పెడతాడు. హాస్యం ఆ ఎంపికలోనే ఉంది.

3. మాండలికం – ఆరోపిత హాస్యం

‘లొల్లి’, ‘సోపతి’, ‘పైలం’ అనే తెలంగాణ పదాల్లో గాని, ఉత్తరాంధ్ర ‘గుంటడు’లో గాని ఇటువంటి ఎంపిక లేదు. ‘పైలం బిడ్డా’ అనే తల్లి మాటలో ఉన్నది ఆందోళన, పరిహాసం కాదు. నవ్వు పుడితే అది శ్రోత చెవిలో పుడుతుంది. దశాబ్దాల పాటు సినిమాల్లో ఈ వ్యవహారాన్ని ఎక్కువగా హాస్యపాత్రలకూ, ప్రతినాయకులకూ కేటాయించడం వల్ల ఆ చెవికి అలవాటు బలపడింది. దానికి ‘స్లాంగ్’ అనే పేరు శాస్త్రీయతను అరువిస్తోంది.

‘కన్యాశుల్కం’ ఇందుకు భిన్నమైన మార్గం చూపింది. గిరీశం ఇంగ్లీషు నవ్వు పుట్టించేది అది పరభాష అయినందుకు కాదు; ఆ మాటల గొప్పకూ, అతని నడతకూ పొంతన లేనందుకు. గురజాడ హాస్యానికి గురి మనిషే గాని అతని పలుకు కాదు.

4. ముగింపు

ఈ సరిహద్దు స్థిరమైనది కాదు. ‘సోది’ని నేడు హాస్యస్ఫురణ లేకుండానే వాడేవారు ఉన్నారు. కాబట్టి పదాల జాబితా కాక, వక్త ఉద్దేశమే ప్రమాణం కావాలి. నిఘంటుకర్తలు మాండలిక పదానికి ప్రాంతసూచన, హాస్యార్థ పదానికి ప్రయోగసూచన వేరువేరుగా ఇవ్వాలి. పరిశోధకులు ప్రాంతీయ వ్యవహారానికి ‘స్లాంగ్’ అనే పేరు మానుకోవాలి. ఒకరి ఇంటిభాషను మరొకరి వినోదంగా వర్గీకరించడం పరిభాషా దోషమే కాదు, సామాజికమైన చిన్నచూపు కూడా.