కొ.కు. వ్యాసాలు

కొడవటిగంటి కుటుంబరావు గారిని మనలో చాలామందిమి కథకుడిగానే ఎరుగుదుం. 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా ‘చందమామ’ను తీర్చిదిద్దిన చెయ్యి ఆయనదని తెలిసినవారు తక్కువ. పత్రిక మీద సంపాదకుడుగా చక్రపాణి గారి పేరుండేది మరి!

కొ.కు. ఫిజిక్సు చదివిన మనిషి. విరసం వారు సంపుటాలుగా వేసిన ఆయన వ్యాసాల్లో సైన్సు, చరిత్ర, సంస్కృతి దేనికదిగా ఉండవు. చరిత్ర చెప్పేటప్పుడు రాజుల పట్టికను పక్కనపెట్టి, జనం ఎలా బతికారని అడుగుతారు. సంస్కృతి కూడా ఆయన లెక్కలో బతుకుతోపాటు మారేదే. ఏటా ఉగాదికి అదే నాటకం వేసి, అదే పులిహోర తిని, సంస్కృతిని కాపాడేశామనుకునే మనబోటివాళ్ళకి ఈ మాట కాస్త గుచ్చుకుంటుంది. గుచ్చుకోవాలి కూడా.

వాక్యం మాత్రం చందమామ వాక్యమే. పండితుల్ని మెప్పించాలన్న ఆత్రం కనబడదు.

అన్నిటికీ కారణం అడిగే ఆయన హోమియోపతిని మాత్రం గట్టిగా నమ్మారు. అక్కడ మేము ఆయన వెంట నడవలేం. మన డాక్టర్లు అసలే నడవరు. ఆ అభ్యంతరం చెప్పే అలవాటు చేసిందీ ఈ వ్యాసాలే.

తెలుగు చదవలేని మన పిల్లలకి వీటిని పెద్దవాళ్ళు పైకి చదివి వినిపించాలి. రోజుకి రెండు పేజీలు చాలు. మధ్యలో అడ్డుపడి ప్రశ్నలేస్తే ఆ పూటకి ఒక్క పేజీతోనే ఆపెయ్యవచ్చు.