అభ్యుదయమునకు తూనికరాళ్లు

ఒక దేశము అభ్యుదయ మార్గమున నున్నదో లేదో నిర్ణయించుట పూర్వము చరిత్రకారుల పని. అదియు కాలము గడచిన పిమ్మట జరుగు పని. నేడట్లు కాదు. స్త్రీలకు సమత్వము, అల్పసంఖ్యాకులకు రక్షణ, విద్య, ఆరోగ్యము మున్నగు విషయములలో ఏ దేశమెన్నవదియో తెలుపు పట్టికలు ఏటేట వెలువడుచున్నవి. ప్రపంచ ఆర్థిక వేదిక 2006 నుండి ప్రకటించుచున్న స్త్రీపురుష వ్యత్యాస సూచికలో, 2025లో 148 దేశములకుగాను భారతదేశమునకు 131వ స్థానము వచ్చెను. నీతి ఆయోగ్ ప్రకటించిన 2023–24 సుస్థిరాభివృద్ధి సూచికలో కేరళ, ఉత్తరాఖండముల వెనువెంటనే 78 మార్కులతో తమిళనాడు నిలిచెను. మొదటి వార్తను చదివినవారు చిన్నబుచ్చుకొందురు. రెండవదానిని చదివినవారు పొంగిపోదురు. చిన్నబుచ్చుకొనుటకును పొంగిపోవుటకును ముందు అడుగదగిన ప్రశ్న యొకటి కలదు. ఈ మార్కులు చెప్పిన మాటకు వేసినవా, చేసిన పనికి వేసినవా?

తిరువళ్ళూరు నుండి తిరుత్తణికి పోవు మార్గమున కనకమ్మ సత్రమను గ్రామము కలదు. చెన్నపట్టణము నుండి తిరుపతికి పోవు యాత్రికులు నేటికిని ఆ దారినే పోవుచుందురు. ఊరికా పేరు సత్రమువలన వచ్చినదని పేరే చెప్పుచున్నది. సత్రముల విషయమున లోకమెరిగిన ప్రమాణమొకటి యున్నది. దాత పేరు చెక్కిన శిలాఫలకమును బట్టి సత్రము గొప్పతనమును నిర్ణయింపరు. ఆకలిగొని వచ్చిన బాటసారికి విస్తరి పడినదా యని విచారింతురు. ఫలకము నిరర్థకమని దీని భావము కాదు. ఫలకమే లేనిచో, ఇచట అన్నము దొరకునని తెలియక, బాటసారి తలుపు తట్టకయే పోవును. అయినను ఫలకమును చదివి, లోపల నిన్ని విస్తళ్లు లేచినవని లెక్క వ్రాయుట సరియైన గణనము కాదు. ఈ ప్రమాణమును దేశముల శ్రేణులకు అన్వయించి చూచుట ఈ వ్యాసోద్దేశము.

శ్రేణులను నిర్మించినవారు తమ పనిలోని చిక్కులను ఎరుగనివారు కారు. 1990లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమము పక్షమున పాకిస్తాను దేశపు ఆర్థికవేత్త మహబూబ్ ఉల్ హక్ మానవాభివృద్ధి సూచికను లోకమునకు సమర్పించెను. ఆయుర్దాయము, విద్య, ఆదాయము అను మూటిని కలిపి ఒక్క అంకెగా చేయుట మోటుపని యగునని అమర్త్య సేన్ మొదట సంశయించెను. తలసరి ఆదాయమను మోటు అంకెను గద్దె దింపవలెనన్నచో, అంత సులభముగా నోటికి వచ్చు మరియొక అంకె కావలయునని హక్ వాదించెను. సేన్ ఆ వాదమును అంగీకరించి తోడ్పడెను. మోటుదైనను ఆ సూచికలో నొక గుణము కలదు. జనులు ఎన్నియేండ్లు బ్రదికిరి, ఎంత చదివిరి అని అది అడుగును. ప్రభుత్వము ఏమి ప్రకటించెనని అడుగదు. అనగా అది విస్తళ్లను లెక్కించు జాతికి చెందినది.

తరువాత వచ్చిన సూచికలలో కొన్ని వేరు జాతికి చెందినవి. కెనడాలోని క్వీన్స్ విశ్వవిద్యాలయమునకు చెందిన కీత్ బాంటింగ్, విల్ కిమ్లికా అను పండితులు సిద్ధపరచిన బహుసంస్కృతి విధాన సూచిక ఇందుకు మంచి నిదర్శనము. అది 21 ప్రజాస్వామ్య దేశములను తీసికొని, వలసవచ్చినవారి విషయమున ఎనిమిది విధానములున్నవా లేవా యని చూచును. విధానమున్నచో ఒకటి, కొంత మాత్రమున్నచో అర, లేనిచో సున్న. మాతృభాషా బోధనకు ధనసహాయము ఆ ఎనిమిదింటిలో నొకటి. 2010 నాటి లెక్కలో ఆస్ట్రేలియాకు పూర్తిగా ఎనిమిదియు, డెన్మార్కు, జపానులకు సున్నయు వచ్చినవి. ఈ సూచిక విధానములను కొలచునే గాని వాని ఫలితములను కొలవదని నిర్మాతలే చెప్పిరి. గ్రంథకర్తల ఈ జాగ్రత్త వార్తాపత్రికల శీర్షికవరకు చేరదు. శీర్షికలో మిగులునది స్థానసంఖ్య యొక్కటే.

ప్రపంచ బ్యాంకు ఈ లోపమును తన పట్టికలోనే గుర్తించి సవరింప బూనెను. 190 దేశములలో స్త్రీలకున్న చట్టపరమైన హక్కులను పరిశీలించిన 2024 నివేదికలో, చట్టమునకొక లెక్కయు, దానిని నడపు యంత్రాంగమునకు వేరొక లెక్కయు వేసిరి. చట్టములను బట్టి పురుషుల హక్కులలో నూటికి సుమారు 64 వంతులు స్త్రీలకు లభించుచున్నవని తేలెను. ఆ చట్టములను అమలుపరచు ఏర్పాట్లో, సగటున నూటికి 40 వంతులైనను లేవు. సమాన వేతన శాసనము 98 దేశములలో నున్నది. జీతముల వివరములను బయలుపరచి ఆ శాసనమునకు ఊతమిచ్చు నియమములు 35 దేశములలో మాత్రమే యున్నవి. ఫలకమును, పాకశాలను వేరువేరుగా లెక్కించినంతనే రెండింటి నడుమ నున్న దూరము బయటపడెను.

శాసనమున్నదా లేదా యని మాత్రమే చూచు పద్ధతిలో మూడు దోషములు ముఖ్యముగా కనబడుచున్నవి.

మొదటిది, శాసన వాక్యములోని షరతులు గడిలోని అంకెలో ఇమడకపోవుట. హిందూ ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కుమార్తెకు కుమారునితో సమానముగా జన్మహక్కును ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1986 నాటి సవరణచట్టము ద్వారా, 1985 సెప్టెంబరు 5 నుండి వర్తించునట్లు, ప్రసాదించెను. తమిళనాడు 1989 మార్చి 25 నుండియు, కర్ణాటక, మహారాష్ట్రములు 1994లోను ఆ దారిని నడచినవి. దేశమంతటికి వర్తించు సవరణ 2005లో గాని రాలేదు. శ్రేణి వ్రాయువాడు ఇక్కడ ఆంధ్రప్రదేశ్‌నకు అగ్రస్థానము నీయకుండ లేడు, అది న్యాయమే. కాని ఆ చట్టము అమలులోనికి వచ్చుటకు ముందే వివాహమైన కుమార్తెకు హక్కు లేదని అదే చట్టము చెప్పినది. అనగా నాటికి అత్తవారింట నున్న ఆడుబిడ్డలందరును ఆ అభ్యుదయమునకు వెలుపలనే నిలిచిరి. తమిళనాడు చట్టములోను ఇదే షరతున్నది. సూచికలోని గడిలో పడునది ‘ఒకటి’ అను అంకె. ఆ వెలుపల నిలిచినవారి సంఖ్యకు అందు గడి లేదు.

రెండవది, శాసనమునకును ఆచరణకును నడుమ గడచు కాలమును లెక్కింపకపోవుట. హిందూ వితంతువుల పునర్వివాహమును చట్టసమ్మతము చేసిన శాసనము 1856లో వచ్చెను. రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు తొలి వితంతు వివాహమును జరిపించినది 1881 డిసెంబరు 11వ తేదీన. నడుమ గడచినవి ఇరువదియైదు సంవత్సరములు. 1857లో ఎవరైన పట్టిక వ్రాసియుండినచో ఈ దేశమునకు పూర్తి మార్కు లభించియుండెడిది. ఐతే శాసనము వ్యర్థమనరాదు. ఆ శాసనమే లేనిచో పంతులుగారు జరిపించిన వివాహములకు చట్టము దృష్టిలో విలువ యుండెడిది కాదు. శాసనము ద్వారమును తెరచెను. ద్వారము గుండ జనులను నడిపించుటకు ఒక మనుష్యుని సాహసము కావలసివచ్చెను. సూచికకు ద్వారము కనబడును, మనుష్యుడు కనబడడు.

మూడవది, ఒకే శాసనము ఇద్దరికి రెండు విధములుగా ఫలించుట. తమిళనాడు ప్రభుత్వము 2006లో తమిళ అభ్యసన చట్టమును చేసి, 2006–07లో ఒకటవ తరగతితో ఆరంభించి ఏటికొక తరగతి చొప్పున తమిళమును తప్పనిసరి చేసెను. రాష్ట్రభాష రాని పౌరుడు రాష్ట్రములో ఉండరాదను తలంపు తప్పు కాదు. తెలంగాణము కూడ 2018లో తెలుగు విషయమున అట్టి చట్టమునే చేసెను. రాష్ట్రభాషాభివృద్ధి యను గడిలో రెంటికిని మార్కు వేయవలసినదే. కాని తమిళనాట తెలుగు ఇంటి బిడ్డకు మాతృభాష ఐచ్ఛిక విషయముగా మారెను. ఆ చట్టము పదవ తరగతిని చేరిన పిమ్మట, భాషాల్పసంఖ్యాక విద్యార్థుల పక్షమువారు పరీక్షలో మినహాయింపు కొఱకు న్యాయస్థానములను ఆశ్రయింపవలసివచ్చెను. 2023లో ఆ వ్యవహారము సుప్రీంకోర్టువరకు పోయెను. ఒక గడిలో మార్కు తెచ్చిన శాసనమే వేరొక గడిలో మార్కును తగ్గింపవలసి యుండగా, ఆ రెండవ గడి పట్టికలో లేనేలేదు. తమిళనాడునకు 78 మార్కులిచ్చిన నీతి ఆయోగ్ సూచికలో, విద్య క్రింద బడి మానివేసినవారి సంఖ్య, ఉపాధ్యాయుల శిక్షణ, విద్యుత్తు, త్రాగునీరు మొదలగునవి కలవు. అల్పసంఖ్యాక శిశువునకు మాతృభాషలో చదువు చెప్పిరా యను ప్రశ్న లేదు. అడుగని ప్రశ్నకు ఎవరును మార్కు కోల్పోరు.

ఈ మూడు దోషములను తప్పించుకొన్న గణన మార్గమొకటి తెలుగువారి సాహిత్యమునందే కనబడుచున్నది. గురజాడ అప్పారావుగారు 1897లో ముద్రించిన కన్యాశుల్కమునకు ఆంగ్లమున వ్రాసిన పీఠికలో, విజయనగర మహారాజు ఆనందగజపతి విశాఖపట్టణ మండలములో జరిగిన శుల్క వివాహములకు పట్టిక వ్రాయించిన సంగతి తెలిపిరి. మూడేండ్ల లెక్కలో వచ్చిన సంఖ్య 1034. వారిలో ఐదేండ్ల బాలికలు 99 మంది, నాలుగేండ్లవారు 44, మూడేండ్లవారు 36, రెండేండ్లవారు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ఏడాది పిల్లల వెల మూడువందల యేబది నుండి నాలుగువందల రూపాయలు.

ఈ పట్టికలో విశాఖ మండలము ఎన్నవ స్థానములో నున్నదో లేదు. ఏ సభ ఏ తీర్మానము చేసెనో లేదు. ఉన్నది పిల్లల సంఖ్య, వయస్సు, వెల. చదువువాడు పొంగిపోవుటకు గాని, పొరుగువానిని చూచి ఊరడిల్లుటకు గాని ఇందు తావు లేదు. శ్రేణిలో 131వ స్థానము వలన కలుగు సిగ్గు మరుసటి యేడు 129వ స్థానము వచ్చినంతనే మాయమగును. ఏడాది పిల్లలు ముగ్గురనగా కలుగు సిగ్గు ఆ మువ్వురును తొలగినగాని పోదు. శ్రేణులు లేనిచో ప్రభుత్వములకు చురుకు పుట్టదని వాదించువారికి ఇదియే సమాధానము.

ఈ మార్గమును భాషాల్పసంఖ్యాకుల విషయమునకు వర్తింపజేయుటకు తిరుత్తణి ప్రాంతముకన్న తగిన చోటు లేదు. 1953 అక్టోబరు 1వ తేదీవరకు మదరాసు రాష్ట్రమునను, పిమ్మట ఆంధ్రరాష్ట్రమునను, 1956 నుండి ఆంధ్రప్రదేశ్‌లోను ఉండిన తిరుత్తణి, పటాస్కరు నిర్ణయము ననుసరించి 1960 ఏప్రిలు 1న మరల మదరాసు రాష్ట్రమున చేరెను; సత్యవేడు ప్రాంతము ఆంధ్రప్రదేశ్‌లో చేరెను. ఇల్లు కదలలేదు, పొలము కదలలేదు. ఒక ఉదయమున ఇచటి తెలుగువారును, అచటి తమిళులును అల్పసంఖ్యాకులైరి.

వారి కొఱకు ఫలకములకు కొదువ లేదు. 1956 నాటి ఏడవ సవరణముచే రాజ్యాంగమున చేరిన 350ఏ అధికరణము, ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగు వసతులు కల్పించుటకు ప్రతి రాష్ట్రమును ‘ప్రయత్నింప’వలెనని చెప్పుచున్నది. ప్రయత్నమను మాటను గమనింపవలయును. కల్పించి తీరవలెనని లేదు. 350బీ ననుసరించి ఒక ప్రత్యేకాధికారి 1957 నుండి నియుక్తుడయ్యెను. అంతకుముందే 1949 ఆగస్టులో విద్యామంత్రుల సమావేశము స్పష్టమైన కొలత నొకదానిని ఇచ్చెను. పాఠశాల మొత్తముమీద 40 మంది గాని, ఒక తరగతిలో 10 మంది గాని ఆ భాషవారున్నచో ఉపాధ్యాయుని నియమింపవలయును. ఏ దేశపు సూచికలో చూచినను ఈ మూటికి మంచి మార్కులే పడును.

ఇక విస్తరి మాట. ఒక పాఠశాలలో తెలుగు పిల్లలు 41 మంది కలరనుకొనుడు. కొలత నిండినది, ఉపాధ్యాయ పదవి మంజూరైనది. ఆ యుపాధ్యాయుడు పదవీ విరమణ చేసిన పిమ్మట రెండేండ్లు ఆ చోటు భర్తీ కాలేదనుకొనుడు. తలిదండ్రులు విసిగి మువ్వురు పిల్లలను వేరు బడికి పంపిరి. సంఖ్య 38కి దిగినది. ఇప్పుడు పదవి ఏల యని అడిగినచో నియమమే సాక్ష్యము చెప్పును. విధానము చెక్కు చెదరలేదు, మార్కు తగ్గలేదు, తరగతి మూతపడినది. ఈ సంఖ్యలు ఉదాహరణకు మాత్రమే తీసికొన్నవి. ఐనను విధానమును మాత్రమే కొలచు సూచిక ఇట్టి మూతను కనుగొనజాలదను మాట ఉదాహరణ కాదు.

కావున తెలుగు సంఘములు చేయదగిన పట్టిక ఒకటి కలదు. బడి వారీగా, ఏటేట ఈ క్రింది విషయములను వ్రాయవలయును: ఇంట తెలుగు మాటలాడు పిల్లలలో ఒకటవ తరగతిలో చేరినవారెందరు, వారిలో తెలుగు చదువ గలిగినవారెందరు, తెలుగు చెప్పు ఉపాధ్యాయుడు ఆ యేట ఎన్ని నెలలు బడిలో నుండెను, పాఠ్యపుస్తకములు ఏ నెలలో చేతికందెను, పదవ తరగతిలో తెలుగు పరీక్ష వ్రాసినవారెందరు, నడుమ విడిచినవారు ఏ తరగతిలో విడిచిరి. 2011 జనాభా లెక్కలలో తమిళనాట తెలుగు మాతృభాషగా చెప్పుకొన్నవారు 42 లక్షలకు పైబడిరి. ఆ పెద్ద అంకె వేదికలమీద తరచుగా వినబడును. ఈ చిన్న అంకెలు వినబడుట అరుదు.

ఇదే పట్టికను, ఇవే గడులతో, సత్యవేడు వైపు తమిళ పిల్లలకును వ్రాయవలయును. తెలుగువారు అల్పసంఖ్యాకులైనచోట అన్యాయమనిపించినది, తెలుగు రాష్ట్రభాషయైనచోట న్యాయమనిపింపరాదు. రెండు పట్టికలును ప్రక్కప్రక్కన ఉన్నప్పుడే ఫిర్యాదునకు బలము, సంఘమునకు గౌరవము.

ప్రపంచ శ్రేణులను పారవేయ నక్కరలేదు. ఏ దేశము ఏ మాట ఇచ్చినదో అవి తెలుపును. మాట తెలిసినగాని మాట తప్పినదని అడుగుటకు వీలు లేదు. వానిని ఫలకములుగా చదువవలయును, లెక్కపుస్తకములుగా కాదు. ఆనందగజపతి మహారాజు పట్టిక వ్రాయించి శతాబ్దము దాటినది. ఆ పట్టికకు కావలసినది గ్రామగ్రామము తిరిగి అడుగు ఓపిక. అది నేటికిని దొరకని వస్తువు కాదు.